ఇద్దరూ వినేవాళ్లే

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో చెల్లెలిది రోలర్ దగ్గర పని. తడి దుప్పటి అంచులు పట్టుకుని రెండు వేడి రోలర్ల మధ్యకి అందించాలి. అవతల అది ఆరిపోయి, ఇస్త్రీ అయి వస్తుంది. రోలర్ ముందు ఒక ఇనప జాలీ ఉండేది. చెయ్యి తగిలితే మిషను ఆగిపోయేది. ముడతపడ్డ దుప్పటి తగిలినా ఆగిపోయేది. పని వెనకబడుతోందని జాలీ తీసేశారు. పోయిన వారం పక్కనున్నామె చొక్కా చెయ్యి రోలర్లో పడింది. కత్తెర దగ్గర్లో ఉండబట్టి చొక్కాతో పోయింది.

జాలీ మళ్లీ పెట్టమని అడగడానికి అందరూ కలిసి యజమాని దగ్గరికి వెళ్లాలని కార్మిక సంఘం వాళ్లు అన్నారు. మీటింగ్ పెడితే జనం తలలూపి ఇంటికెళ్లిపోతారు కాబట్టి, ఒక్కొక్కళ్లతో విడిగా మాట్లాడమని చెల్లెలికి నేర్పారు. ఒక ప్రశ్న అడగాలి. తర్వాత నోరు మూసుకోవాలి. అవతలివాళ్లు మాట్లాడేదాకా తెరవకూడదు.

బుద్ధెరిగాక చెల్లెలు నోరు మూసుకోవడం ఇదే మొదలు. అయినా పని జరిగింది. ఉతికేవాళ్లు వస్తామన్నారు. బండి తోలే అతను వస్తానన్నాడు. మడతలు పెట్టేవాళ్లు మాత్రం, "మీ బావ అడ్డం పడకపోతే వస్తాం" అన్నారు. బావ అంటే అక్క మొగుడు. లాండ్రీకి సూపర్‌వైజరు. చెల్లెలికి ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే. అక్కడ అతన్ని మీరంటుంది, ఇంట్లో నువ్వంటుంది.

ఆదివారం చెల్లెలు అక్కావాళ్లింటికి వెళ్లింది. అక్క లోపల టీ పెడుతోంది.

"బావా, మన లాండ్రీలో ఒక్కటి మార్చే వీలుంటే ఏం మారుస్తావు?" అని అడిగి నోరు మూసుకుంది.

"నీకేమనిపిస్తోంది?" అన్నాడు బావ. అతనూ నోరు మూసుకున్నాడు.

ఫ్యాను తిరిగింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చెయ్యబోయారు. అవలేదు. తోసుకుంటూ వెళ్లిపోయారు.

అక్క కప్పులతో వచ్చింది. "పోట్లాడుకున్నారా?"

"లేదే, మాట్లాడుకుంటున్నాం" అన్నాడు బావ.

అక్క వెళ్లి చక్కెర డబ్బా తెచ్చింది. వాళ్లు ఇంకా అలాగే ఉన్నారు.

"నీకూ నేర్పారా?" అంది చివరికి చెల్లెలు.

"కంపెనీ వాళ్లు సూపర్‌వైజర్లందరినీ కూర్చోబెట్టారు. సంఘం మనిషెవరైనా కదిపితే వాదించొద్దు, ఎదురు ప్రశ్న వేసి వినమన్నారు."

"ఎంతసేపు వినమన్నారు?"

"మాట్లాడేదాకా."

"మాకూ అంతే."

"ఇంకేం, రేపు డ్యూటీకి ఇటునుంచి ఇటే వెళ్లొచ్చు" అన్నాడు బావ.

"ఏమిటీ తంతు?" అంది అక్క.

జాలీ సంగతి అక్కకి ఇద్దరూ చెప్పలేదు. బావ ఇంటికొచ్చాక పని మాట ఎత్తడు. అక్క కంగారుపడుతుందని చెల్లెలు దాచింది. ఇప్పుడు జాలీ తీసేసిన సంగతీ, రేపు అందరూ యజమాని దగ్గరికి వెళ్లే సంగతీ చెప్పింది. ఒక తువ్వాలు తీసుకుని బల్ల అంచు మీదుగా జార్చి, చెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో చూపించింది.

"ఆ జాలీ తీసిందెవరు?" అంది అక్క.

మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. ఈసారిది శిక్షణ వల్ల కాదు.

"పైనుంచి చెప్పారు" అన్నాడు బావ.

"చెప్పింది పైనుంచి. స్క్రూలు విప్పింది ఎవరండీ?"

"నేనే."

అక్కకి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఒక్క ప్రశ్నతో ఆగలేదు, జవాబు కోసమూ ఆగలేదు. చెల్లెల్ని కన్నకూతురిలా చూసుకుంటానని పెళ్లైన కొత్తలో అతనన్న మాట దగ్గర ఎత్తుకుంది. మిక్సీ మూత పెట్టకుండా తిప్పిందని నిన్నగాక మొన్న తనని తిట్టిన సంగతి మీదుగా వచ్చింది. "రేపు దాని చెయ్యి పోతే అన్నం ఎవరు కలిపి పెడతారు, మీరా?" దగ్గర తేలింది. టీ చల్లారిపోయింది.

"సరే, అడ్డం పడను" అన్నాడు బావ.

"అది చాలదు బావా. మాతో యజమాని గదిలోకి వస్తావా?"

"చూద్దాంలే."

"చూద్దాం అంటే సంఘం లెక్కలో రానని."

"వస్తే నా ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"ఊడొచ్చు" అంది చెల్లెలు. అబద్ధం చెప్పొద్దని కూడా నేర్పారు.

బావ తువ్వాలు తీసి మడతపెట్టాడు. బల్ల అంచు వైపు చూశాడు. "వస్తా" అన్నాడు.

సోమవారం పొద్దున అందరూ వెళ్లారు. యజమాని బావ వైపు తిరిగి, "వీళ్లని పనికి పంపించవయ్యా" అన్నాడు.

"జాలీ విప్పింది నేనే సార్. మళ్లీ బిగించేదాకా నేనూ వీళ్లతోనే" అన్నాడు బావ.

ఎవరూ పనిలోకి దిగలేదు. మధ్యాహ్నానికి దుప్పట్లేవంటూ ఆస్పత్రుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. యజమాని స్టోర్లోంచి జాలీ తెప్పించాడు. బావే బిగించాడు. చెల్లెలు దానికి కర్ర తగిలించి చూసింది. మిషను ఆగింది.

మర్నాడు బావని సూపర్‌వైజరు పని నుంచి తీసి మడతల బల్ల దగ్గర వేశారు. సూపర్‌వైజర్లు సంఘంలో చేరకూడదు. మడతలు పెట్టేవాళ్లు చేరొచ్చు. చెల్లెలు ఆ రోజే అతన్ని చేర్చుకుంది.

సాయంత్రం గేటు దగ్గర బావ ఆగాడు. "ఈ సంగతి మీ అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఇద్దరం వెళ్దాం పద" అంది చెల్లెలు. "ఒక్కొక్కళ్లం దొరికితే బతకనివ్వదు."