విప్పని తొమ్మిది ఉత్తరాలు

శామీర్‌పేట చర్చిలో అక్టోబరు మొదటి ఆదివారం మిషన్ ఆదివారం, సువార్త పనికి మనుషుల్ని పంపే రోజు. అంతకుముందు గురువారం ఆడవాళ్లంతా చేరి బెంచీలు కడిగి, బీరువాలు దులుపుతారు. ఆ గురువారం పాత పాటల పుస్తకాల వెనక పద్మలతకు దారం కట్టిన ఉత్తరాల కట్ట దొరికింది. తొమ్మిది ఉత్తరాలు. పైన నేపాల్ స్టాంపులు. చేతిరాత తన భర్త పరమేష్‌ది. ఒక్కటీ విప్పి లేదు.

ఆమె కట్టను కొంగులో చుట్టుకుంది. మిగిలిన బెంచీలు కూడా కడిగాకే ఇంటికి వెళ్లింది.

పరమేష్ తల మీద చేతులుంచి నేపాల్ కొండల్లోని ఒక ఊరికి సువార్త పనికి పంపింది ఈ సంఘమే. సంఘపెద్ద చలపతిరావు గుంటూరు నుంచి వచ్చి మేడ్చల్‌లో స్థిరపడిన రిటైర్డ్ ఆఫీసరు, పద్ధతి మనిషి. నియమం ఆయనే పెట్టాడు. సేవకుడు నెలనెలా ఉత్తరం రాయాలి, ఏ అవసరమైనా రాతలోనే చెప్పాలి. వచ్చిన ఉత్తరాన్ని ఎవరూ ముందుగా విప్పకూడదు. మిషన్ ఆదివారం నాడు సంఘమంతా చూస్తుండగా విప్పి చదవాలి. కమిటీవాళ్లు ఏదో దాచారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. అందరూ మెచ్చుకున్నారు. పద్మలత కూడా మెచ్చుకుంది.

పరమేష్ నెలకోసారి కొండ దిగి బజారుకొచ్చి, ఉత్తరం డబ్బాలో వేసి, ఆమెకు ఫోన్ చేసేవాడు. ఎప్పుడడిగినా "బాగనే ఉన్న" అనేవాడు. ఆమె అప్పుడు చంటిపిల్ల తల్లి. నిరుడు ఆగస్టులో అతను పోయాడని కబురొచ్చింది. అక్కడే సమాధి చేశారు. ఆ అక్టోబరులో మిషన్ ఆదివారాన్ని జ్ఞాపక కూటం చేశారు. "దేవుని చిత్తం తల్లీ" అన్నాడు చలపతిరావు. ఉత్తరాల మాట ఎవరికీ గుర్తు రాలేదు.

చివరి ఉత్తరం జూలైది. అది చదివాక పద్మలత రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉపవాస ప్రార్థన పట్టిందనుకున్నారు పక్కింటివాళ్లు.

నిజంగానే ప్రార్థన చేసింది. "ప్రభువా, పగ తీర్చుడు నీ పని అంటవు. మరి ఇన్ని రోజులు ఏడవోయినవ్? ఈ ఒక్కసారి నాకిడిచిపెట్టు."

ఆదివారం వచ్చింది. ఈసారి పంపబోయేది చలపతిరావు ఒక్కగానొక్క కొడుకు భానుతేజను. తల్లి లేని పిల్లవాడు, తండ్రి చేతుల్లో పెరిగాడు. పరమేష్ ఉన్న ఊరికే తనూ వెళ్తానన్నాడు.

దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచినవాళ్లను కూర్చోమనే ఆచారం ఆ చర్చిలో లేదు. పద్మలత లేచింది. తిన్నగా ముందుకు నడిచి చలపతిరావు చేతిలో ఒక ఉత్తరం పెట్టింది.

"సార్, గా బీరువల దొరికింది. మీ రూలు ప్రకారం సంఘం ముందట సదవాలె. సదువుండ్రి."

ఆయన చేతిరాత గుర్తుపట్టాడు. "ఇవాళ సంతోషదినం కదమ్మా. తర్వాత కూర్చుని..."

"నా సాక్ష్యం గిదే. మీరే సదవాలె. మీ గొంతు మంచిగుంటది."

"సదువయ్యా, పిల్ల అడుగుతాంది గదా!" అని వెనక బెంచీలోంచి ముసలి ఐలమ్మ కేక వేసింది.

చలపతిరావు కళ్లజోడు సర్దుకున్నాడు.

"సంఘానికి వందనాలు. దగ్గితే రక్తం పడుతున్నది. కొండ దిగలేక ఈ ఉత్తరం వేరే మనిషి చేత పంపుతున్నాను. పద్మకు చెప్పలేదు. ఇద్దరు వచ్చి నన్ను కిందికి దించితే బతుకుతాను. వానలు ముదిరితే దారి మూసుకుపోతుంది. మీరిది అక్టోబరులో చదువుతారని తెలుసు. ఎవరైనా ముందే విప్పుతారేమోనని రాస్తున్నాను."

చివరి మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది. పద్మలతకు అది చాలలేదు.

"ఇగ మీ పిలగాని నెత్తి మీద చెయ్యి పెట్టుండ్రి సార్. గదే రూలుతోని పంపుండ్రి."

ఆయన చెయ్యి లేవలేదు. భానుతేజే లేచాడు.

"నేను వెళ్తానక్కా. నా ఉత్తరాలు ఎవరికి రాయాలో మీరు చెప్పండి."

ఈ మాట ఆమె అనుకోనిది. కానీ జవాబు మాత్రం ఎప్పటినుంచో నోట్లో ఉన్నట్టే వచ్చింది.

"నాకు రాయి. వచ్చిన రోజే విప్పుత. మీ నాయినకు మాత్రం రాయొద్దు, ఫోన్ గూడ చెయ్యొద్దు. నీ బాగోగులు ఆయన నా గడపకొచ్చి తెలుసుకోవాలె. అందరి ముందట మాటియ్యి."

కొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి తల ఊపాడు. కొడుకు మాట ఇచ్చాడు.

నవంబరు ఆఖరులో మొదటి ఉత్తరం వచ్చింది. పద్మలత పోస్టుమాన్ ముందే కవరు చింపి చదివింది. మధ్యాహ్నానికల్లా చేయాల్సినదంతా చేసి, కుట్టుమిషను ముందు కూర్చుంది. సాయంత్రం మేడ్చల్ నుంచి స్కూటర్ వచ్చి గేటు ముందు ఆగింది. ప్రతి శనివారం వచ్చి ఉత్త చేతులతో పోతున్నాడాయన.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది."

"బాగున్నాడా?"

"అక్టోబర్ల సదువుకుందాం తియ్యుండ్రి."

ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె జాకెట్టు చేతికి కుట్టు వేసింది, దారం తెంపింది, రెండో చేతికీ వేసింది. ఇంత తీపి ఉంటుందనుకోలేదు పగలో.

"నాకు చెప్పకపోయినా సరే. వాడికేమైనా కావలిస్తే అది చూడు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడాయన చివరికి.

ఆమె మిషను ఆపి, ఉత్తరం తీసి గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మనలేదు. అక్షరం వదలకుండా చదివింది. "మూడు రోజులుగా జ్వరమక్కా. నాన్నకు చెప్పకండి" అన్న చోట కూడా ఆగలేదు.

ఆయన గేటు మీదుగా ముందుకు వంగాడు. "జ్వరమా?"

"పాస్టరయ్యతోని మాట్లాడిన. కింద బజార్ల ఉన్న డాక్టరుకు ఫోన్ జేసినం. రేపు పొద్దున మనుషులు పైకి పోతరు."

"ఉత్తరం ఒక్కసారి చేతికిస్తావా? వాడి రాత చూసి..."

"ఇయ్య" అంది పద్మలత. మడిచి రవికెలో పెట్టుకుని, గేటు గొళ్లెం వేసింది.