అడుగు కాగితం

తాతారావు ఫైలును బోర్లా తిప్పి, అడుగు కాగితం పైకి తెచ్చుకుని టైపు మిషను ముందు కూర్చున్నాడు. రాయగడలోని ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్త కాగితం వస్తే పాతదాని నెత్తిన పెట్టి కుట్టేస్తారు. మొదలు అడుగున, ముగింపు పైన. నకళ్ళు తీసేవాడి మెడ పట్టేస్తే ఎవడిక్కావాలి! ఎండిపోయిన ఒళ్ళు, కార్బను మరకల వేళ్ళు, పలకరిస్తే కస్సుమనే నోరు. ఆ నోటికి జడిసే పెళ్ళాం బోరిగుమ్మలో పుట్టింటికి పోయిందనేవారు.

బల్ల పక్కన కుంతి నేలమీద కూర్చుంది. మొగుడు లక్ష్మణుడు జబ్బుపడి సెలవు చీటీ పంపితే, చెప్పకుండా మానేశాడని పనిలోంచి తీసేశారు. ఎమర్జెన్సీ రోజులు, యూనియన్‌వాళ్ళు నోరెత్తలేదు. చీటీమీద వేలిముద్ర ఉంది, తారీఖు లేదు. ఫైల్లో ఆ చీటీ, పనిలోంచి తీసేసిన ఆర్డరుకి అడుగున ఉంది గనక ముందు వచ్చిందన్నదొక్కటే సాక్ష్యం. నకలు రేపు కోరాపుట్‌లో లేబరు ఆఫీసరుకి చూపించాలి. ఆయన కాదంటే ఉద్యోగం ఇక తిరిగి రాదు, కాలనీలో క్వార్టరూ పోతుంది.

హెడ్డు గుమాస్తా త్రినాథరావు వచ్చి గయ్యిమన్నాడు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఏటయ్యా ఇది? పైనుంచి కొట్టుకుపోక ఫైలు తిరగేస్తావేటి?"

"పైనుంచి కొడితే ఆర్డరు ముందు, సీటీ తరవాత. పన్లోంచి తీసీసినాక కాళ్ళట్టుకున్నాడనుకుంటాడు ఆ ఆఫీసరు. ఈ పిల్ల నోట్లో మట్టే!"

"నీ రిటైరుమెంటు దాకా నాకీ ఖర్మ తప్పదు."

"అందాకా ఉంటే గదా. పొండి, పొండి."

మధ్యాహ్నం తిండి మానేశాడు. ఎడంచెయ్యి లాగుతోందని దులుపుకున్నాడు. "టీ తెమ్మంటారా బాబూ?" అంది కుంతి. "నోర్ముయ్యవే అమ్మీ, తప్పులడతాయి," అని కసిరాడు. ఆర్డరు కూడా కొట్టడం పూర్తిచేసి, పేజీ అంకెలు వేద్దామని పెన్ను అందుకోబోతూ మిషను మీదికి వాలిపోయాడు. కునుకు పట్టిందనుకుంది కుంతి.

శవాన్ని మోసుకుపోయాక త్రినాథరావు కళ్ళు తుడుచుకుంటూ ఆ బల్ల దగ్గరికొచ్చాడు. "ఎదవ! సచ్చేదాకా సాధించేడు నన్ను," అన్నాడు. చెల్లాచెదురైన నకళ్ళు పోగుచేశాడు. కుంతికి బస్సు తప్పకూడదని తనే గబగబా సర్ది, గుండుసూది గుచ్చి, సీలు కొట్టి ఇచ్చాడు. చేతికి ఏనాటి అలవాటో, పాతదాని నెత్తిన కొత్తది పెట్టుకుంటూ పోయాడు. ఆర్డరు పైకొచ్చింది, చీటీ అడుక్కి పోయింది. చదువు రాని కుంతి ఆ కట్టని కళ్ళకద్దుకుని కోరాపుట్ బస్సెక్కింది.

ఆ నకళ్ళు కుట్టడానికని తాతారావు దారం ఎక్కించి పెట్టుకున్న దబ్బనం బల్లమీదే ఉండిపోయింది.