ఒంటిమీద గొంగడి

ఆ ఏడు చలి దసరా పోయిన వారానికే దిగింది. ధరలు అంతకు ముందే ఎక్కి కూర్చున్నాయి. పంతొమ్మిది వందల డెబ్బై మూడు అది. అంతకు ముందటేడు వానలు మొహం చాటేశాయి. జొన్నలు కొనేవాళ్ళు కాస్తా ధర అడిగి పోయేవాళ్ళయ్యారు. బోధన్‌లో కిరసనాయిలు కోసం మనుషుల కంటే ముందే సీసాలు వరుస కట్టేవి. కోటగిరి దారిలో కాలువ పక్క ఊళ్ళో ఉండే ఈరవ్వకు ఈ సంగతులు ఒకరు చెప్పనక్కర లేదు. పప్పులో నీళ్ళు పోసే చెయ్యి ఆమెదే.

చలికి ఇల్లు సిద్ధం చెయ్యడంలో ఆమెను మించిన మనిషి ఆ వాడలో లేదు. ఆ మెప్పు ఆమెకు ఇచ్చి తీరాలి. గోడల బీటల్లో ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తింది. చెరకు నరికిన మళ్ళలో ఎండిన ఆకు మోపులు మోపులుగా ఏరుకొచ్చి ఉత్తరం వైపు తడకకు దట్టంగా కట్టింది. చూరు కింద పిడకలు మోకాలెత్తు పేర్చింది. పాత చీరలూ, మొగుడి చిరిగిన ధోవతులూ ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుట్టింది. కుట్టి చూసుకుంటే అది ఇద్దరు పిల్లలకూ సరిపోయింది, తల్లి సగం లోపల, సగం బయట. మొగుడు నర్సన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. అతను రెండు గోనె సంచులు కప్పుకుని ముడుచుకునేవాడు. చక్కెర సంచులవి, ఫ్యాక్టరీ దగ్గర ఎవరినో బతిమాలి తెచ్చుకున్నాడు.

ఆ ఇంట్లో చలి అంటే లెక్క లేని మనిషి ఒక్కడే, మామ ఆశన్న. అతనికి గొంగడి ఉంది.

అట్లాంటి గొంగడి ఊళ్ళో ఇంకోటి లేదు. ఇరవయ్యేళ్ళ కింద, గోదారీ మంజీరా కలిసే కందకుర్తిలో జాతరకు పోయి, గొర్రెలు కాసే కురుమాయన దగ్గర కొని తెచ్చుకున్నాడు. నల్లటి ఉన్ని, ఎర్రటి అంచు. చాకలి లింబాద్రి ఏటేటా దాన్ని ఉతికి, చింతగింజల గంజి పెట్టి ఆరేసి ఇచ్చేవాడు. అది కప్పుకుని మంచు పడుతుంటే చేనికాడ కూర్చుంటే లోపల పొయ్యి వెలిగించుకున్నట్టే. ఆశన్న దాన్ని పిల్లలకు కూడా ఇచ్చేవాడు కాదు. "నేను పోయినంక కప్పుకుందురు తియ్యిర," అనేవాడు. ముసలాయనకు తిక్కా కాదు, తెలియకా కాదు, అయినా ఆ మాట అనేవాడు. తను పోయాక అది ఎవరికి పోతుందో ఊరందరికీ తెలుసు.

మనిషి ప్రాణం పోయేటప్పుడు ఒంటిమీద ఏది ఉంటే అది చాకలికి చెందాలి. తాతలనాటి కట్టుబాటు. చీరైనా, ధోవతైనా, గొంగడైనా అడ్డు చెప్పకూడదు. పోయిన చలికాలం పక్కింటి హన్మవ్వ మామ గొంగడి అట్లాగే పోయింది. శవం దగ్గర కూర్చుని హన్మవ్వ, "బంగారమసొంటిది పాయెనే, ఇంక మాకు దిక్కెవరే," అని గుండెలు బాదుకుంటుంటే, కోడలికి మామ మీద ఎంత ప్రేమో అని అందరూ కళ్ళొత్తుకున్నారు. ఆమె ఎందుకు ఏడుస్తోందో ఈరవ్వ ఒక్కతికే తెలిసింది. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

కార్తీకంలో ఈరవ్వ బోధన్ అంగడికి పోయి గొంగళ్ళు అమ్మేవాణ్ణి కొత్త గొంగడి ధర అడిగింది. వాడు చెప్పాడు.

"నేను అడిగింది గొంగడి. మందను గాదు," అంది ఈరవ్వ.

"జొన్నలు ఏం దరకున్నయో సూస్తున్నవ్ గద అక్కా. గొర్రె తిన్నా తినకున్నా నేను తినాలె గద," అన్నాడు వాడు, నవ్వుతూనే.

చేతిలో ఉన్న దానికి ఉప్పూ మిరపకాయలూ కొనుక్కుని తిరిగొచ్చింది. దారి పొడుగునా ఆమె కళ్ళముందు నల్లటి గొంగడి, ఎర్రటి అంచు. కొత్తది కాదు, ఇంట్లో ఉన్నదే.

ఆ వారమే ఆశన్నకు జ్వరం తగిలింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒణుకు పట్టేది, పళ్ళు కటకటలాడేవి, సాయంత్రానికి చెమట పట్టి వదిలేది. కాలువ ఊళ్ళలో చలిజ్వరం కొత్త కాదు. కానీ ముసలి ఒళ్ళు. మూడో రోజున ఈరవ్వ జొన్నగట్క కలిపి నోటికందిస్తే ఆశన్న మొహం తిప్పుకున్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి మామ వంక కాసేపు చూసింది. తర్వాత గొంగడి వంక చూసింది. అప్పుడే నిర్ణయం అయిపోయింది, మొగుడికి చెప్పడమే మిగిలింది.

నర్సన్న బండి ఎడ్లకు కుడితి పెడుతున్నాడు. అతను మెల్లమెల్లగా అర్థం చేసుకునే మనిషి. ఒక పని నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టేది. నేర్చుకున్నాక మటుకు మరిచేవాడు కాదు.

"మీ బాపు గట్క ముడుతలేడు," అంది ఈరవ్వ. "గొంగడి తీసి పక్కకు వెట్టాలె."

"ఇంక ఉన్నడు గదనే."

"ఉన్నడు గనుకనే తియ్యాలె అంటున్న. పోయినంక ముట్టుకుంటె పాపం. గిప్పుడైతె మనది మనం తీస్కున్నట్టు."

నర్సన్న కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి కలుపుతూ ఉండిపోయాడు. "బాపుకు సలి వెట్టదా?"

"పోయెటోనికి సలేంది? ఉండెటోళ్ళకు సలి. పిల్లలకు ఉండద్దా?"

నర్సన్న వాకిలి వైపు చూశాడు. పిల్లలు ఇద్దరూ వాకిట్లో ఎండకు ముడుచుకుని కూర్చుని ముక్కులు ఎగబీలుస్తున్నారు. అతను చెయ్యి తుడుచుకుని లోపలికి వచ్చాడు.

ఒణుకు అప్పుడే మొదలైంది. ఆశన్న గొంగడి అంచును రెండు చేతులా గడ్డం కింద బిగించి పట్టుకున్నాడు. ఈరవ్వ కాళ్ళ వైపు నుంచి లాగింది. అది రాలేదు.

"ఏందిర?" అన్నాడు ఆశన్న. కోడలి వంక కాదు, కొడుకు వంక చూశాడు. విషయం అంతా ఒక్క చూపులోనే తెలిసిపోయినట్టుంది. "నేను గిప్పుడే సస్తలేను ర, నర్సన్నా. సలిజరం గిది. తగ్గుతది."

 నర్సన్న వంగి తండ్రి వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు. చిటికెన వేలు మొదలుపెట్టి. ముసలివాడైనా బండెడు చెరకు నరికిన చేతులవి, తేలిగ్గా వదల్లేదు. నర్సన్న ఏడుస్తూనే విప్పాడు. ఈరవ్వ గొంగడిని మడిచి అటక ఎక్కి మిరపకాయల గంప వెనక దాచింది. దిగివచ్చి రెండు చక్కెర సంచులు మామ మీద కప్పింది. కాళ్ళ దగ్గర అంచులు లోపలికి చెక్కింది కూడా. పని చేస్తే శుభ్రంగా చేసే మనిషి.

అంతా అనుకున్నట్టే జరిగింది, ఆశన్న చావకపోవడం ఒక్కటి తప్ప.

మర్నాడూ ఉన్నాడు, ఆ మర్నాడూ ఉన్నాడు. జ్వరం వదిలిన పూట నీళ్ళు తాగాడు. చారెడు గట్క కూడా తిన్నాడు. చూసి ఈరవ్వ అటక వంక తలెత్తింది. ఒణుకు వచ్చిన పూట సంచుల కింద మంచం మంచమంతా గడగడలాడేది. "నా గొంగడేదే?" అని అడిగాడు. "లింబాద్రికి ఉతకనిచ్చిన," అంది ఆమె. నోటికి వచ్చిన మొదటి అబద్ధం అదే. అప్పుడన్నా అటక ఎక్కి తెచ్చి కప్పి ఉంటే సరిపోయేది. ఆమెకూ ఆ ఆలోచన వచ్చింది. రెండుసార్లు నిచ్చెన దాకా పోయింది. కప్పాక ఆ పూటే పోతే? ఇంత చేసీ చివరికి లింబాద్రి పాలు చేసినట్టు కాదా? తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చుంది.

గొంగడి తీసిన మూడో రోజు పొద్దున మాసిన బట్టల కోసం లింబాద్రి వచ్చాడు. ఈరవ్వ అడ్డుపడేలోగా మంచం దగ్గరికి పోయి, "ఎట్లున్నవ్ పెద్దబాపు?" అన్నాడు.

ఆశన్న కళ్ళు మెరిశాయి. "లింబాద్రీ, నా గొంగడి ఉతికినవార? జల్ది తే బిడ్డా. సలికి ఆగుతలేను."

లింబాద్రి ముసలాయన మీదున్న సంచులు చూశాడు. తర్వాత ఈరవ్వను చూశాడు.  మందులకని అమ్మేశామని చెప్పడానికి ఆమె మాట సిద్ధంగా ఉంచుకుంది. కానీ అతను అడగనే లేదు.

"గంజి వెట్టిన పెద్దబాపు," అన్నాడు లింబాద్రి, మెల్లగా. "ఇంక ఆరలే. ఆరంగనే తెస్త."

"ఎండ ఉన్నది గద ర."

"ఉన్నది. మందం గొంగడి గద, తడి పోతలేదు."

ఆ మాట నమ్ముకుని ఆశన్న ఆ పగలంతా వాకిలి వైపే చూస్తూ పడుకున్నాడు. మర్నాడు తెల్లవారేసరికి పోయాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కట్టెలా బిగుసుకుపోతే, పాడె మీద పడుకోబెట్టడానికి కాళ్ళు చాపడం కష్టమైంది. ఆ పనీ నర్సన్నే చేశాడు.

చాకలికి చెందేది తీసుకోమన్నారు పెద్దలు. లింబాద్రి రెండు సంచులనూ దులిపి, నాలుగు మడతలు పెట్టి, పట్టుచీర మోసినంత జాగ్రత్తగా భుజాన వేసుకున్నాడు. అతని ఇంటికి పెరటి సందులోంచి దగ్గర దారి ఉంది. నడివీధిలోంచే పోయాడు. ముక్కున వేలేసుకోని గడప లేదు. హన్మవ్వ ఒక్కతే ఈరవ్వ చెవిలో, "నాకు గీ తెలివి లేకపాయె," అంది.

దినాలు అయిపోయాక గొంగడి అటక దిగింది. మిరపకాయల ఘాటుకు పిల్లలు రెండు రోజులు తుమ్మారు. ఆ తర్వాత సుఖమే. గొంగడి కింద ఇద్దరు పిల్లలూ, బొంత కింద మొగుడూ పెళ్ళామూ. ఆ ఇంట్లో అంత వెచ్చటి చలికాలం ఎన్నడూ లేదు. పాపం చేసినవాళ్ళకు నిద్ర పట్టదంటారు గానీ, ఈరవ్వ గుర్రు పెట్టి నిద్రపోయింది. నర్సన్న మాత్రం మాట తగ్గించాడు. మొదటే తక్కువ గనుక ఎవరూ గమనించలేదు.

పుష్యమాసంలో చెరకు నరకడానికి కూలికి పోయి, కాలువ నీళ్ళు నిలిచిన మడిలో రోజంతా పనిచేసి వచ్చిన ఈరవ్వకు ఒణుకు పట్టుకుంది. అదే జ్వరం, అదే వేళ. నర్సన్న కూతురి చేత గొంగడి తెప్పించి తనే కప్పాడు. ఆ ఉన్ని బరువు ఒంటిమీద పడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముసలాయన దీన్ని ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది. తెలిసి కాస్త బాధ కూడా కలిగింది, ఎక్కువసేపు కాదు. నర్సన్న రెండు రోజులు బండి మానుకుని పక్కనే కూర్చున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ అంత దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు.

మూడో రోజున నర్సన్న గట్క కలిపి అందించాడు. నోరంతా చేదు. ఈరవ్వ మొహం తిప్పుకుంది.

అతను గిన్నె కింద పెట్టి ఆమె వంక కాసేపు చూశాడు. తర్వాత లేచి బయటికి పోయాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో కొత్త చక్కెర సంచి ఉంది. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంగడి అంచును రెండు చేతులా గడ్డం కింద బిగించి పట్టుకుంది.

"ఏంది గిది?" అంది.

నర్సన్న మంచం అంచున కూర్చున్నాడు. కోపం లేదు, ఏడుపూ లేదు. ఆమె చిటికెన వేలు పట్టుకుని విప్పాడు.  పదో వేలు కూడా విప్పి, గొంగడి తీసి మడిచి, నిచ్చెన వేసి అటక ఎక్కాడు. మిరపకాయల గంప జరిపిన చప్పుడైంది.

"పిల్లలకు ఉండద్దా?" అన్నాడు దిగుతూ.

ఈరవ్వకు పళ్ళు కటకటలాడుతున్నాయి. మాట ఒకచోట మొదలై ఇంకోచోట తెగుతోంది. "నేను సస్తలేను," అంది. "ఇగో, సూడు నన్ను. సలిజరం గిది. రేపటికి తగ్గుతది. నేను సస్తలేను."

నర్సన్న సంచి కప్పి, గాలి దూరకుండా కాళ్ళ దగ్గర శ్రద్ధగా చెక్కాడు.

"బాపు గూడ గట్లనే అన్నడు," అన్నాడు.