గోడలకు కట్టిన దుప్పట్లు

పాల్వంచ కాలనీలో చందర్ ఉండే క్వార్టర్ ముందుగది ఉత్త సిమెంటు గోడలది. పాట రికార్డు చేద్దామని మైకు ముందు ఒక్క ముక్క పాడితే నాలుగు వైపుల నుంచీ తిరిగి మోగేది. గుడ్ల అట్టలు అంటించి చూశాడు, లాభం లేకపోయింది. మందపాటి దుప్పట్లు గోడకు జానెడు ఎడంగా వేలాడదీస్తే మోత అణుగుతుందని ఎవరో చెప్పారు. అన్ని దుప్పట్లు అతని ఇంట్లో ఎక్కడివి?

ఆ వారమే భద్రాచలం దగ్గర గోదావరి పొంగింది. ముంపు ఊళ్లవాళ్ల కోసం కాలనీవాళ్లు దుప్పట్లు పోగుచేసి చందర్ ఇంట్లోనే మూటలు పెట్టారు. అతను అప్పటికే వరద మీద ఒక పాట కట్టుకుని ఉన్నాడు. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, ఒక మూట విప్పి, పన్నెండు దుప్పట్లు తాళ్ల మీద వేశాడు. పాడి వింటే తన గొంతు ఎంత దగ్గరగా, ఎంత నిండుగా ఉందో! ఇంకా రెండు చరణాలు మిగిలాయి.

మర్నాడు వ్యాన్ వచ్చింది. "అన్నీ ఎక్కినయా?" అని అడిగింది పక్కింటి కళావతి. ఇల్లిల్లూ తిరిగి ఆ దుప్పట్లు అడిగి తెచ్చింది ఆమే.

"అన్నీ ఎక్కినయక్కా" అన్నాడు చందర్, ముందుగది తలుపు దగ్గరగా లాగుతూ. రెండు రోజులాగి తనే తీసుకుపోయి ఇస్తే ఏం పోతుందిలే అనుకున్నాడు.

పంచడానికి అతనూ వెళ్లాడు. బడిలో పెట్టిన శిబిరంలో దుప్పట్లు అయిపోయేసరికి భారతమ్మ అనే ముసలామె ఎదుట చేతులు చాచి నిలబడి ఉంది. వెనక ఇంకో పదిమంది. దుప్పట్లు ఇక లేవని తెలిసే చందర్ ఖాళీ మూటగుడ్డ దులిపాడు.

"పోనీ తియ్ బిడ్డా" అందామె. "ఉంటే ఇయ్యకపోతవా?"

ఆ మాటకు అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెల్లారి డ్యూటీకి పోలేదు. తాళ్లు విప్పి, మూట కట్టి, కళావతి గుమ్మం ముందు ఆగి ఉన్నదున్నట్టు చెప్పాడు. "పాట కోసమా?" అని మాత్రం అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. మూటతో శిబిరానికి బస్సెక్కాడు.

భారతమ్మ గచ్చు మీద చీర పరిచి మనవరాలిని పడుకోబెట్టుకుని ఉంది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"అమ్మా, ఇవి నిన్ననే రావాల్సినయి. నేనే మా ఇంట్ల ఆపుకున్న."

"ఎందుకు బిడ్డా? నీకు కప్పుకునేటందుకు లేకుండెనా?"

"ఉన్నయి. పాట రికార్డు చేసేటందుకు గోడలకు కట్టిన."

ఆమె ఒక దుప్పటి తీసి పిల్లకు కప్పింది. "గోడలకా?" అంది. లేచి, నిన్న ఎవరెవరికి దొరకలేదో తనే చూపించింది. "సల్లగుండు బిడ్డా, మాకోసం మళ్లొచ్చినవ్" అని ఒక్కొక్కరూ దీవిస్తుంటే భారతమ్మ పక్కనే నిలబడి విన్నది, అతని గుట్టు ఎవరికీ చెప్పలేదు.

పంచడం అయ్యాక, పిల్లను దవాఖానాకు తీసుకుపోదామని ఆటో పిలిచాడు. భారతమ్మ పిల్లను ఎత్తుకుని ఎక్కింది. దారిపొడుగునా ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె పిల్ల నుదుటి మీంచి చెయ్యి తీయలేదు.