ఫోటోలో పడుకున్న పిల్లలు

నరీన్ కొండల్లో ఓ చిన్న ఊరి బడి. బూరుల్ అక్కడ చరిత్ర టీచరు; పిల్లలు ఆమెని ఎజే, అంటే అక్కా, అని పిలుస్తారు. వారంలో ఒక గంట మాత్రం చరిత్రని పక్కన పెట్టి, ఫోన్లలోకి వచ్చిపడే కబుర్లలో ఏది నిజమో ఏది కట్టుకథో తేల్చుకోవడం తొమ్మిదో తరగతికి నేర్పేది. పిల్లలకు ఆ గంట ఆటవిడుపు. "ఎవరు చెప్పారు? కళ్ళారా చూశారా? ఎప్పటి సంగతి?" అని ఏ కబురునైనా నిలదీయమంటే, వాళ్ళు ఆ మాటల్ని వేళాకోళానికి వాడుకునేవాళ్ళు.

"ఎజే, ఇవాళ బడి సూపులో మాంసం ఉందని ఎవరు చెప్పారు? కళ్ళారా చూశారా?" అన్నాడు బెక్‌తూర్. క్లాసంతా విరగబడి నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే ఫోన్లు గొణిగాయి. సంచుల్లో, జేబుల్లో, బల్లల కింద, అన్నీ ఒక్కసారే. బూరుల్ ఫోను కూడా. ఊరి గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. బడి ఆవరణలో పిల్లల్ని వరసగా పడుకోబెట్టారు. తలల చుట్టూ, కళ్ళ మీదుగా తెల్లటి కట్లు. కింద ఇలా రాసి ఉంది: "మన బళ్ళో తట్టు సూదులు వేశారు. ఇద్దరు పోయారు. దాచేస్తున్నారు. మీ పిల్లల్ని తెచ్చేసుకోండి."

ఆ పొద్దున చిన్న తరగతులకి టీకాలు వేస్తున్న మాట నిజమే. రెండో తరగతిలో బూరుల్ కొడుకు ఎమిల్ ఉన్నాడు.

ఆమె చేతిలోని సుద్దముక్క ఎక్కడ పడిందో ఆమెకే తెలీదు. నడవాలోకి పరుగెత్తింది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. కిటికీలోంచి తొంగిచూస్తే ఆవరణ ఖాళీగా ఉన్న సంగతి తెలిసిపోయేది. ఆ ఊహే తోచలేదు. రెండో తరగతి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఎమిల్ నోట్లో పెన్సిలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తల్లిని చూసి సిగ్గుపడ్డాడు. అంతమంది ముందు ముద్దు పెడుతుందేమోనని వాడి భయం.

బూరుల్ తలుపుకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. ఇన్ని వారాలుగా పాఠం చెప్పింది తను. ముందు పరుగెత్తిందీ తనే.

అప్పటికే గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి. బూరుల్ అటు నడిచింది. హెడ్మాస్టరు తోక్తోసున్ గేటుకి తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో పడేసుకున్నాడు. ఊచల అవతల జనం క్షణక్షణానికీ పెరుగుతున్నారు. పిండి చేతులతోనే వచ్చిన ఆడవాళ్ళు, బండ్లు రోడ్డు మధ్యలోనే వదిలేసిన డ్రైవర్లు, తెల్ల ఉన్ని టోపీల ముసలివాళ్ళు. ఎవరో గేటుని పట్టుకుని ఊపుతున్నారు.

"పిల్లల దగ్గర ఫోన్లు లాగేసుకోండి," అన్నాడు తోక్తోసున్. "ఇక్కణ్ణుంచి ఒక్క మాట బయటికి పోకూడదు."

"అగాయ్, గేటు మూస్తే దాస్తున్నామనే కదా అనుకుంటారు?" అంది బూరుల్. సార్లని అక్కడ అలాగే పిలుస్తారు.

"తెరిస్తే అనార్కాన్‌ని చీల్చేస్తారు. అది చెప్పు ముందు."

అనార్కాన్ బడి నర్సు. మందుల గదిలో లోపల గడియ పెట్టుకుని ఉంది. ఆ గది కిటికీ వీధి వైపుకే. ఆయన మాటలో నిజం లేకపోలేదు.

బూరుల్ మళ్ళీ తన క్లాసుకి వెళ్ళింది. పిల్లలు కిటికీలకి అతుక్కుపోయి ఉంటారనుకుంది. ముగ్గురు నలుగురు అలాగే ఉన్నారు. మిగిలినవాళ్ళు ఒకే బల్ల చుట్టూ మూగారు. మధ్యలో జిబెక్ అనే పిల్ల ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూస్తోంది. ఎప్పుడూ చివరి బల్లలో కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల.

"ఎజే, గోడ చూడండి," అన్నాడు బెక్‌తూర్. వాడి గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "నీలం రంగు. మన గోడకి పోయిన వేసవిలో పసుపు వేశారు కదా."

"చెట్లకి ఆకులున్నాయి," అంది ఇంకో అమ్మాయి. "ఇప్పుడేమో మంచు పడబోతోంది."

జిబెక్ మాత్రం వరస చివర పడుకున్న పిల్ల బూట్ల దగ్గర ఆగిపోయింది. ఊదారంగు బూట్లు. ఒకదానికి తాడు లేక గోధుమరంగు ఉన్ని దారం కట్టి ఉంది.

"ఇది నేనే," అంది జిబెక్. "ఏడో తరగతిలో భూకంపం వస్తే ఏం చెయ్యాలో నేర్పించారు కదా. నన్ను దెబ్బలు తగిలినట్టు పడుకోమన్నారు."

వాళ్ళలో ఇంకొందరు కూడా ఆ వరసలో తమని వెతుక్కుంటున్నారు.

ఆ మాట చెప్పడానికి బూరుల్, జిబెక్ గేటు దగ్గరికి వెళ్ళారు. రావద్దని బూరుల్ అన్నా ఆ పిల్ల వినలేదు. "మీరు చెబితే నమ్మరు, ఎజే. మీరు బడివాళ్ళు," అంది.

ఊచల అవతల ముందు నిలబడ్డవాడు ఎసెన్. టౌనుకి వ్యాను నడుపుతాడు. అతని కొడుకు ఒకటో తరగతి. గేటుని ఊపుతున్నది అతనే.

"బైకే, ఇది పాత ఫోటో," అంది జిబెక్, అన్నా అని పిలిచినట్టు. "ఇందులో ఉన్నది నేను."

"ఏం నేర్పి పంపావమ్మా టీచరూ!" అన్నాడు ఎసెన్, బూరుల్‌ని చూస్తూ. "మీకు జీతం ఇచ్చేది ఇందుకేనా? మా పిల్లల్ని చూపించు ముందు."

వెనక నుంచి రాయి లేచింది. మందుల గది కిటికీ అద్దం భళ్ళున పగిలింది. లోపల్నుంచి సన్నటి అరుపు వినిపించింది, ఆ వెంటనే ఆగిపోయింది. జనం ఒక అడుగు ముందుకి జరిగారు.

జిబెక్ కళ్ళు జనంలో ఒకచోట ఆగాయి. తలగుడ్డ జారిపోయి, మోచేతుల దాకా పిండితో, వాళ్ళమ్మ తుర్సునాయ్.

"అమ్మా, ఈ ఫోటో నువ్వు ఎవరికైనా పంపావా?"

తుర్సునాయ్ తలూపింది. "మీ పిన్నికి. మా కుట్టుపని వాళ్ళందరికీ. ఎందుకే?"

"బూట్లు చూడు. ఆ దారం నువ్వు వడికిందే. తాడు తెగితే నువ్వే కట్టావు." జిబెక్ ఫోను ఊచల మధ్యనుంచి అందించింది. "నేను చచ్చిపోయానని పంపావమ్మా నువ్వు."

తుర్సునాయ్ ఆ ఫోటోలోకి చూసింది. చాలాసేపు చూసింది. పక్కన ఉన్నవాళ్ళు కూడా వంగి చూశారు. ఆమె ముఖంలో రంగు పోయింది. "దారం నాదే," అంది మెల్లగా, ఎవరికి చెబుతోందో తెలియకుండా.

ఆ వెనకే బూరుల్ అడిగింది: "ఎసెన్ బైకే, నీకు ఇది ఎవరు పంపారు?"

"మా బావమరిది."

"అతను చూశాడా? ఒక్కసారి అడగవా?"

ఎసెన్ విసుగ్గా ఫోను తీశాడు. అవతలివాడు తనకి ఎవరో పంపారన్నాడు. ఇంకెవరో ఆడమనిషి కూడా తనకి పంపినవాళ్ళకి ఫోను చేసింది. వాళ్ళకీ ఎవరో పంపారట. ఒక్కొక్కరే పక్కకి తిరిగి, చెవిలో వేలు పెట్టుకుని, "నువ్వు చూశావా? నీకెవరు చెప్పారు?" అని అడగడం మొదలెట్టారు. చూసినవాడు ఒక్కడూ దొరకలేదు.

"అగాయ్, తెరవండి," అంది బూరుల్. "చిన్నపిల్లల్ని ఆవరణలోకి తీసుకొస్తాను. పిల్లల్ని చూడకుండా వీళ్ళు ఏదీ నమ్మరు. నేనూ నమ్మలేదు."

తోక్తోసున్ జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. తాళంచెవి తీయడానికి చాలాసేపు పట్టింది.

చిన్న తరగతులవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా బయటికి వచ్చారు. తల్లులు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. అంతమందిని, అంత గోలని చూసి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. గేటు సగం తెరుచుకుందో లేదో, ఒకటో తరగతి వరసలో ఒక పిల్లాడు ముఖం తెల్లబడి, మోకాళ్ళు ముడుచుకుపోయి నేలకి ఒరిగిపోయాడు. ఎసెన్ కొడుకు.

"పోయాడు!" అని ఎవరో అరిచారు.

జనం గేటుని తోసుకుని లోపలికి పడ్డారు. ఎసెన్ అందరికన్నా ముందు. మందుల గది తలుపు తెరుచుకుని అనార్కాన్ వచ్చింది. చెంప మీద గాజుపెంకు గీసిన గీత, నెత్తురు మెడదాకా జారింది. ఆమెని ఎవరైనా ఆపేలోపే పిల్లాడి దగ్గరికి సూటిగా నడిచి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, వాడి కాళ్ళు ఎత్తి తన భుజం మీద పెట్టుకుంది.

"వాణ్ణి ముట్టుకోవద్దు!" అన్నాడు ఎసెన్, పిడికిలి ఎత్తి.

"కోటు విప్పు," అంది అనార్కాన్. "చెయ్యి చూడు. నేను ఇంకా ఒకటో తరగతికి సూదులు మొదలెట్టనే లేదు."

ఎసెన్ పిడికిలి అలాగే ఉంది. బూరుల్ వంగి పిల్లాడి కోటు, చొక్కా భుజం దాకా లాగింది. సన్నటి చెయ్యి. రెండో చెయ్యి కూడా చూపించింది. సూది గుర్తు ఎక్కడా లేదు.

"పొద్దున ఏం తిన్నాడు?" అడిగింది నర్సు.

"ఏమీ తినలేదు," అన్నాడు ఎసెన్. పిడికిలి దించాడు. "సూది భయానికి తిననన్నాడు."

పిల్లాడు కళ్ళు తెరిచి, చుట్టూ ఇంతమంది ఎందుకున్నారో తెలియక, తండ్రి మెడని వాటేసుకున్నాడు. ఎవరో జేబులోంచి నూనెలో వేయించిన బూర్సోక్ రొట్టెముక్క తీసి వాడి చేతిలో పెట్టారు. అనార్కాన్ లేచి నిలబడబోయి, అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.

ఆ రోజు టీకాలు ఆగిపోయాయి. చాలామంది పిల్లల్ని ఇంటికి తీసుకుపోయారు. ఫోటో అబద్ధమని ఒప్పుకున్నవాళ్ళు కూడా తీసుకుపోయారు. ఎసెన్, కొడుకుని ఎత్తుకుని, నర్సు వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. అద్దం పగలగొట్టిందెవరో చెప్పినవాళ్ళు లేరు. అనార్కాన్ నెల రోజులు బడికి రాలేదు. వచ్చాక కూడా ఆ గదిలో ఒంటరిగా కూర్చునేది కాదు, తలుపు తీసే ఉంచేది.

జనం పలచబడ్డాక కూడా తుర్సునాయ్ గేటు పక్క బల్ల మీద కూర్చుని ఉంది. తను ఫోటో పంపిన ఒక్కొక్కరికీ ఫోను చేస్తోంది. "అది మా జిబెక్ ఫోటో. బతికే ఉంది. పక్కనే ఉంది," అని చెబుతోంది. కొందరు సరేనన్నారు. చెల్లెలు మాత్రం నీ గొంతు వణుకుతోందే, బడివాళ్ళు బెదిరించి చెప్పిస్తున్నారా అని అడిగింది. ఆ మాట విని తుర్సునాయ్ ఫోను కిందికి దించింది.

"ఏం చెప్పనే దీనికి?" అని కూతుర్ని అడిగింది.

"నాకివ్వు," అంది జిబెక్. ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. "పిన్నీ, నేనే మాట్లాడుతున్నా. నువ్వు ఏదైనా అడుగు, నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీనిది."

అవతల్నుంచి ఆమె ఏదో అడిగింది. జిబెక్ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. బూరుల్ వాళ్ళ పక్కన చోటు చేసుకుని కూర్చుంది.