పిండి మూటకు లొంగని పేరు

ఆ లోయలో టార్కిల్ దొరగారి పెత్తందారు. కరువు వచ్చిన ఏట ఓట్స్ పిండి మూటలు గుర్రాల మీద వేసుకొని గడపగడపకూ తిరిగాడు. మకార్డన్ అని దొరగారి ఇంటిపేరు పెట్టుకున్నవాడికి మూట ఇచ్చాడు. పెట్టుకోనివాడి ముఖం చూడలేదు. కమ్మరి కొడుకులు, పడవవాళ్ల మనుమలు, అందరూ నెల తిరక్కుండా మకార్డన్లైపోయారు.

గిల్‌బ్రైడ్ అనేవాడు ఒక్కడే ఒప్పుకోలేదు. నేతగాని కొడుకు అని వాళ్ల ఇంటిపేరుకు అర్థం. "మా తాత మగ్గం మీద కూర్చుని సంపాదించిన పేరది. పిండికి అమ్ముకోను" అన్నాడు. టార్కిల్ మరునాడే మనుషుల్ని పెట్టి ఆ ఇంటి కప్పు లాగించేశాడు. మంచులో కొండ దాటబోయి గిల్‌బ్రైడ్ దారిలోనే పోయాడు. కూతురు మార్సలి బతికింది. పాదిరిగారి ఇంట్లో పాచిపనికి కుదిరి, గిన్నెలు తోముతూనే అక్షరాలు నేర్చుకుంది.

పద్నాలుగేళ్లు గడిచాక టార్కిల్‌కు మిగిలిన ఒక్క కొడుకు లాక్లన్ ఆమెను మనువాడతానన్నాడు. ఉన్న ఒక్కడి మాట టార్కిల్ కాదనలేకపోయాడు. ఆమెకు అతడంటే అయిష్టం లేదు. అయితే సరేనన్నది అందుకు కాదు.

లోయలో అందరి ఇంటిపేరూ ఒకటే అయ్యాక ఇంటిపేరుకు పనిలేకుండా పోయింది. ఫలానా వాడి కొడుకు, ఫలానా వాడి మనవడు అనే ఎవరినైనా పిలిచేది. మొదటి మగబిడ్డకు తండ్రి తండ్రి పేరే పెట్టాలి. టార్కిల్‌కు ఇద్దరు కొడుకులు అప్పటికే మట్టిలో ఉన్నారు. లాక్లన్‌కు పుట్టేవాడు తప్ప తన పేరు మోసేవాడు లేడు. ఆ సంగతి మార్సలికి పెళ్లికి ముందే తెలుసు.

కొడుకు పుట్టాడు. పాదిరి నీళ్లు చల్లి పలికేదాకా బిడ్డ పేరు ఎవరి నోటా రాకూడదు, వస్తే బిడ్డకు కీడు. తల్లి దాన్ని కాగితం మీద రాయించి, మడిచి, బిడ్డ గుడ్డకు గుచ్చుతుంది. రాయించుకునే అవసరం మార్సలికి లేదు.

"ఏం రాస్తావో నేనడగను కోడలా, అడగకూడదు" అన్నాడు టార్కిల్. ఆయనకు చదువు రాదు. "మొదటి అక్షరం మాత్రం కాస్త దిట్టంగా రాయి."

"దిట్టంగానే రాస్తాను మామా."

పాదిరి ఇంటికి వచ్చిన రోజు చుట్టుపక్కలవాళ్లు జున్నూ రొట్టెలూ పట్టుకొని వచ్చారు. పొయ్యి పక్కన కూర్చున్న కేట్ అవ్వ ముసలాయన్ని చూసి నవ్వింది. "ఏం టార్కిల్, పేరు ఇంకా పెట్టనేలేదు, అప్పుడే గడ్డం దువ్వుతున్నావు?"

"నోరు రొట్టెకి వాడుకో అవ్వా" అన్నాడాయన. గొంతులో సంతోషం దాగలేదు.

పాదిరి చెక్కగిన్నెలో వేళ్లు ముంచి, కాగితం విప్పి, చదివి, మార్సలి వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు. ఆయన బిడ్డ నుదుటి మీద నీళ్లు చల్లి పలికాడు.

"గిల్‌బ్రైడ్."

రొట్టె నములుతున్నవాళ్లు ఆగిపోయారు.

"అయ్యగారూ, తప్పు చదివారు" అన్నాడు టార్కిల్.

"తప్పు చదవలేదయ్యా. దిట్టంగానే రాసి ఉంది."

"మళ్లీ పెట్టండి."

"పలికిన పేరు వెనక్కి తీసే మంత్రం నా దగ్గర లేదు."

లాక్లన్ భార్య ముఖంలోకి చూసి బయటికి వెళ్లిపోయాడు. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. అది ఆమె అనుకున్నదే, అయినా అనుకున్నంత తేలిగ్గా మోయలేకపోయింది. ఆ తర్వాత ఆమెకు మళ్లీ కాన్పు కాలేదు.

టార్కిల్ ఆ పేరు నోట పలకలేదు. రెండేళ్లపాటు మనవణ్ణి "ఓరేయ్" అన్నాడు, "ఇటు రారా" అన్నాడు. ఎద్దునూ కుక్కనూ పిలిచినట్టే ఉండేది. పిల్లవాడు తిరిగి చూసేవాడు కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని ముసలాయన చేతులు చాచేవాడు, పిల్లవాడు అవ్వల దగ్గరికి పోయేవాడు. మార్సలి చూస్తూ ఉల్లిపాయలు కోసుకునేది.

వేసవిలో, ఎండబెడితే పొయ్యిలో కట్టెల్లా మండే మట్టిగడ్డలు కోయడానికి అందరూ బురదనేలకు వెళ్లారు. పిల్లవాడు తెల్లపూలు కనిపించినవైపు నడిచాడు. అక్కడ నేల గట్టిదని మార్సలికి తెలుసు, పొద్దున తనే తొక్కి చూసింది. మసక కళ్ల టార్కిల్‌కు మాత్రం పూల వెనక నల్లటి నీళ్లే కనిపించాయి.

"ఓరేయ్. ఓరేయ్, ఆగు." పిల్లవాడు ఆగలేదు. "కోడలా, వాణ్ణి పిలువు."

మార్సలి పార నేలకు ఆనించి నిలబడింది. "నా చేతులు ఖాళీ లేవు మామా. నీ మనవడే కదా, నువ్వు పిలువు."

ముసలాయన రెండడుగులు ముందుకు వేశాడు. ఇంకొక అడుగు వేశాడు పిల్లవాడు.

"గిల్‌బ్రైడ్."

పిల్లవాడు వెంటనే తిరిగి, నవ్వుతూ తాత వైపు పరుగెత్తాడు.

"ఇంకోసారి పిలువు మామా" అంది మార్సలి. "నాకు సరిగ్గా వినపడలేదు."