బరువుంది, సరుకుంది

మా అక్కకు పుట్టింట ఒడిబియ్యం పోసిన నాడు గిరి బావకు నేను చేసిన మర్యాదను మా చుట్టాలు ఇప్పటికీ మెచ్చుకుంటూ చెప్పుకుంటారు. మరదలంటే అట్లా ఉండాలట. నేను వినయంగా తలూపుతాను. అసలు సంగతి తెలిసినవాళ్లం నలుగురమే. నేను, అక్క, నాయిన, బావ. అందరికంటే బాగా తెలిసింది బావకు.

గిరి బావ మా అక్క శైలజ భర్త. నల్లగొండలో కంప్యూటర్ల దుకాణం నడుపుతాడు. నేను ఇంజనీరింగు రెండో ఏడాదికి వచ్చినప్పుడు లాప్‌టాప్ కొనక తప్పలేదు. ఇంటల్లుడి దుకాణం ఉండగా ఇంకో గడప తొక్కితే మాట వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, నేనూ నాయినా పొద్దున్నే బస్సెక్కి వెళ్లి మొదటి బంతిలోనే కూర్చున్నాం.

ఏం కావాలో నాకు తెలుసు. నెల రోజులు ఫోన్లో చూసి తేల్చుకున్నాను. రోజూ పోచంపల్లి నుంచి హైదరాబాదు బస్సులో, సగం రోజులు నిలబడి పోవాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి. కాలేజీలో ప్లగ్గు కోసం కొట్లాడకుండా సాయంత్రం దాకా బ్యాటరీ రావాలి. క్లాసు లేనప్పుడు నా స్నేహితురాలు దీప్తితో కార్ల పందెం ఆడుకునేంత ఓపిక దానికి ఉంటే చాలు. ఇదంతా బావకు చెప్పాను. అద్దాల అరలో అచ్చం అలాంటిదే, సన్నగా వెండిరంగులో కనబడింది. ఒంటిచేత్తో తీశాను.

"బావా, నాకు గిది చాలు," అన్నాను.

బావ దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. "అది ఎవరికో బుక్కయింది రోజా. అయినా ఆటలాడాల్నంటివి గద. గా సన్నదాంట్ల ఆటలేం నడుస్తయ్? ఆటలకు పెద్దది గావాలె."

లోపలికి పోయి ఒక నల్లటి పెట్టె తెచ్చాడు. అరచేతి మందం. దాని చార్జరే ఇటుకంత ఉంది. రెండు దసరాలు చూసినా ఎవరూ కొనని సరుకని నాకు తర్వాత తెలిసింది. నేను నోరు తెరిచేలోపే దాన్ని నాయిన రెండు చేతుల్లో పెట్టాడు.

"నాకంటె నీకు ఎరుక మామా. నువ్వే సూడు."

మా నాయిన వెంకటనర్సు నలభై ఏళ్లుగా మగ్గం మీద ఉన్నాడు. మా ఇళ్లల్లో పట్టుచీర మంచిదో కాదో అరచేతిలో వేసుకుని చెప్తారు. బరువుంటే పట్టు నిండుగా పడ్డట్టు, తేలిపోతే ఎవరో దారం మిగుల్చుకున్నట్టు. నాయిన కళ్లు సగం మూసి, ఆ పెట్టెను చీర తూచినట్టే తూచాడు.

"బరువుంది," అన్నాడు. "సరుకుంది."

అయిపోయింది. అల్లుడి మాట కాదనడం మా ఇంట్లో లేదు, నాయిన చెయ్యి చెప్పింది కాదనడం అసలే లేదు. మా మగ్గం దగ్గర ఇన్నేళ్లు అల్లుడి మర్యాదలు అందుకుని బావ నేర్చుకున్న విద్య అదొక్కటే. దాన్ని తెచ్చి మా మీదే వాడాడు.

రెండేళ్లు మోశాను. కుడిభుజం కిందికి జారిందని మా అమ్మ దిష్టి తీసింది. దవాఖానలో డాక్టరు ఆ భుజానికి బరువు తగిలించొద్దన్నాడు. తగిలించకుండా ఎట్లా మోయాలో చెప్పలేదు. పెట్టె తెరిస్తే ఫ్యాను పిండిగిర్నీలా మోగేది, క్లాసంతా నావైపు తిరిగేది. ప్లగ్గు పీకితే గంట కూడా నిలవదు. ఒకసారి బస్సు దిగుతుంటే సంచి పట్టీ తెగింది. ఆ రాత్రి నాయిన సంచి తీసుకుపోయి కూర్చుని కుట్టాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు.

కడుపు మండింది మాత్రం మొన్న ఆగస్టులో. మా కాలేజీకి ఒక మంచి కంపెనీ వచ్చి, ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లను పరీక్ష రాయమంది. సగంలో కరెంటు పోయింది. అందరూ రాసుకుంటూనే ఉన్నారు. నా పెట్టె ఒక్కటే గుడ్లు తేలేసింది. దీప్తికి ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూ వచ్చాను.

తర్వాతి వారం అక్కను చూద్దామని నల్లగొండ పోయాను. బావ అన్నం తింటూ, పళ్లెం పక్కన ఒక లాప్‌టాప్ పెట్టుకుని సినిమా చూస్తున్నాడు. సన్నగా, వెండిరంగులో ఉంది. మూత మూల మీద చిన్న సొట్ట. ఆ సొట్టను నేను దుకాణంలోనే చూశాను.

వంటింట్లోకి పోయి అక్కను నిలదీశాను.

"మీరు బస్సెక్కంగనే ఇంటికి తెచ్చుకున్నడు," అంది అక్క, పొయ్యి వైపు చూస్తూ. "నీకే కాదే, ఐదేండ్ల సంది నాకు సుత గిట్లనే. ఏదడిగినా ఎవరికో బుక్కయిందంటడు."

ఆ వంటింట్లోనే పగ పట్టాను. ఉత్త కోపమైతే బస్సు దిగేలోపు చల్లారేది. ఇది చల్లారలేదు, నాకూ చల్లార్చుకోవాలని లేదు. కొట్లాడితే అల్లుణ్ణి అవమానించామంటారు, ఆ కారం అక్క కంట్లో పడుతుంది. అందుకని మర్యాదతోనే కొట్టాలనుకున్నాను. దసరా తర్వాత అక్కకు ఒడిబియ్యం పొయ్యాలని అమ్మ అప్పటికే ముహూర్తం పెట్టించింది. ఆ మరుసటి వారమే కాలేజీకి ఇంకో కంపెనీ వస్తోంది. ఈ ఏడాదికి అదే ఆఖరు. ఆ పరీక్షకు నా చేతిలో ఆ వెండిరంగుది ఉండాలి. నా పగకూ నా బతుకుకూ ఒకే వస్తువు కావాల్సి వచ్చింది.

అక్కకు ఒక్క పని చెప్పాను. అక్క ఎందుకని అడగలేదు.

ఒడిబియ్యం నాడు మగ్గాల గది చుట్టాలతో నిండిపోయింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు అక్క ఒడిలో పోశారు. బావకు కొత్తబట్టలు పెట్టి పీట మీద కూర్చోబెట్టారు. నేను చెప్పినట్టే, పోయిన దసరా ఫొటోలు అందరికీ చూపిద్దామని అక్క ఆయనతో ఆ సన్నటి లాప్‌టాప్ తెప్పించింది. భోజనాలయ్యాక బావ లేవబోతే నేను అడ్డం నిలబడ్డాను.

"మరదల్ని. నాకు రావాల్సింది ఇయ్యందే కదలనియ్య," అన్నాను.

అందరూ నవ్వారు. పెళ్లిలో బావ చెప్పులు దాచి సతాయించింది నేనే మరి. "చెప్పులు మల్ల దాసినవా?" అన్నాడు బావ నవ్వుతూ.

"చెప్పులు గాదు బావా. ముందు నువ్వు నాకు చేసిన మేలు అందరికి చూపిస్త."

నా నల్లపెట్టె తెచ్చి మా పెద్దమ్మ సాలమ్మ చేతుల్లో పెట్టాను. మా అమ్మకు పెద్దక్క. ఆమె చెయ్యి చూసి చెప్పిందంటే షావుకార్లు కూడా మారుమాట్లాడరు. "మా బావనే ఏరి ఇచ్చిండు పెద్దమ్మా. బరువు సూడు."

పెద్దమ్మ తూచింది. "అబ్బ, మస్తు సరుకుందే," అని పక్కాయనకు ఇచ్చింది. ఆయనా కళ్లు సగం మూశాడు. పెట్టె చేతి నుంచి చేతికి గదంతా తిరిగింది. అందరూ మగ్గం మీద చేతులు అరిగినవాళ్లే. బరువుందన్నారు, సరుకుందన్నారు, అల్లుడంటే గిరి అన్నారు. బావ మొహం వెలిగిపోతోంది.

అప్పుడు సన్నదాన్ని పెద్దమ్మ చేతిలో పెట్టాను.

"ఇదేందే, చేతిల ఉన్నట్టే లేదు," అంది.

"గది బావ తనకోసం పెట్టుకున్నది."

పెద్దమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిండుది మరదలికిచ్చి, నువ్వు గీ బోలుదాంతోని కాలం ఎల్లదీస్తున్నవా బిడ్డా?"

"అందుకే పెద్దమ్మా, నా మనసు ఒప్పుకుంటలేదు," అన్నాను. "ఇగ నిండుది బావ దగ్గరనే ఉండాలె. నేను గీ సన్నదాంతోనే సర్దుకుంట. గదే నాకు రావాల్సింది."

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. బావ మొహంలో వెలుగు ఆరిపోవడం మాత్రం కళ్లారా చూశాను. సన్నదే మంచిదని నోరు తెరిచి చెప్పాలి, లేదా ఇవ్వాలి. చెబితే రెండేళ్ల కింద మామ చేతిలో ఏం పెట్టాడో ఇంతమంది ముందు ఒప్పుకున్నట్టే. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

"మరి నీ ఆటలు? సన్నదాంట్ల నడువయ్ గద," అన్నాడు.

"నీకోసం ఆటలు మానుకుంట బావా."

పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎవరో "బంగారు తల్లి" అన్నారు.

"దాంట్ల నా దుకాణం ఫైళ్లున్నయ్," అన్నాడు బావ.

అక్క ఒడి సర్దుకుని లేచింది. కొంగు ముడిలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "అన్ని దీంట్ల ఎక్కించిన. పొద్దున్నే," అంది. ఇది నేను చెప్పిన పని కాదు.

బావ దాన్ని చూశాడు, అక్కను చూశాడు. ఐదేళ్లలో మొదటిసారి మా అక్క తల దించుకోలేదు. నాకు ఆ లాప్‌టాప్ చేతికి రావడం కంటే అదే ఎక్కువ సంతోషం అనిపించింది. జాలి కోసం నా లోపల వెతికాను, దొరకలేదు.

"మరదలు ఇంత ప్రేమతోని ఇస్తాంటే ఏం ఆలోచన బిడ్డా?" అంది పెద్దమ్మ.

"సరే," అన్నాడు బావ. నేను కాళ్లకు మొక్కి మరీ సన్నదాన్ని తీసుకున్నాను. వచ్చే వారం పరీక్ష ఎట్లా రాస్తానో గానీ, కరెంటు పోతే భయం లేదనుకున్నాను.

నల్లపెట్టెనూ ఇటుక చార్జరునూ నా పాత సంచిలోనే పెట్టి వాకిట్లోకి తెచ్చాను. బావ బండెక్కాడు. వెనక అక్క ఒళ్లో ఒడిబియ్యం మూట ఉంది, సంచికి జాగా లేదు. భుజానికే తగిలించుకోవాలి. పోచంపల్లి నుంచి నల్లగొండ దాకా.

అంతా ఓ మూల నుంచి చూస్తున్న నాయిన అప్పుడు ముందుకొచ్చాడు. నా చేతిలోంచి సంచి అందుకుని, ఒక్క క్షణం అరచేతిలో తూచి, తన చేతులతోనే అల్లుడి కుడిభుజానికి తగిలించాడు. పట్టీ మెలిక పడకుండా సరిచేశాడు. పెళ్లినాడు కండువా కప్పినంత శ్రద్ధగా.

"తెగుతదని ఫికర్ చెయ్యకు అల్లుడు," అన్నాడు. "నా బిడ్డ భుజం చూసినంక, పట్టుదారం మూడు పేటలేసి నేనే కుట్టిన."